సెలవు దాటిన నలభై ఏడు రోజులు

పంచాయతీ ఆఫీసు ముందు రాతి పలక పెడుతున్నారని, మా ఊరినుంచి మిలిటరీకి వెళ్ళినవాళ్ళ పేర్లన్నీ దానిమీద చెక్కిస్తారని తెలిసిన రోజు మా అత్తయ్య గ్రేసమ్మ అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది. ఇరవై ఆరేళ్ళ నా కాపురంలో ఆమె కంచంలో మెతుకు వదలడం నేను చూడటం అదే మొదలు.

"నరసింహారావు ఇంటిదాకా పోయొద్దాం రాయే" అంది.

నరసింహారావు మా ఊళ్ళో పెద్ద రైతు. ఒకసారి ఎంపీటీసీగా కూడా చేశాడు. పలక పని నెత్తిన వేసుకున్నది ఆయనే. ఊరి వరసన అత్తయ్యని పిన్నమ్మ అంటాడు. మేం వెళ్ళేసరికి వసారాలో కూర్చుని మాచర్ల రాతిపనివాళ్ళతో ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు. మమ్మల్ని చూసి ఫోను పెట్టేశాడు.

"ఏంది పిన్నమ్మా, ఇంత ఎండలో వచ్చావ్?"

"మీ బాబాయి పేరు రాశావా నరసింహా?"

ఆయన తలగోక్కున్నాడు. "పదకొండు పేర్లయినయ్ పిన్నమ్మా. మా పెదనాన్నతో మొదలు. బాబాయిది... కాగితం ఏదన్నా ఉందా?"

"కాగితం ఏందిరా? తొమ్మిదేళ్ళు చేసొచ్చాడు గదా."

"చేశాడు, కాదనను. కానీ ఊళ్ళో ఒక మాట ఉంది. నీకూ తెలుసు. రేపు పలక లేపినాక ఎవుడన్నా లేచి, పారిపోయొచ్చినోడి పేరు కూడా చెక్కిచ్చారా అంటే మిగతా పదకొండు మందికీ మర్యాద పోద్ది. రికార్డు తెచ్చి నా చేతిలో పెట్టు. నేనే దగ్గరుండి చెక్కిస్తా. ఆగస్టు పదిహేనుదాకా టైముంది."

అత్తయ్య లేచి ఇంటిదారి పట్టింది.

ఆ మాట ఏమిటో నాకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. చర్చి దగ్గర బోరింగు కాడ ఒకావిడ నా ముందే అనేసింది. మా మామయ్య ఆరోగ్యస్వామి మిలిటరీనుంచి పారిపోయి వచ్చాడట, వినుకొండ పోలీసులు వచ్చి పట్టుకుపోయారట, తర్వాత ఉద్యోగం తప్పించుకోవడానికి ఎడమచేతి వేళ్ళు రెండు తనే నరుక్కున్నాడట. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన పోయి ఏడాది. నేను చూసింది ఒక్క ఫోటోనే. చర్చి పండగ రోజు తీసిన గుంపు ఫోటోలో వెనక వరసలో, ఎడమచెయ్యి లాల్చీ జేబులో పెట్టుకుని నిలబడ్డ మనిషి.

"వేళ్ళు ఎట్టా పోయినయ్ అత్తయ్యా?" అని ఒకసారి అడిగాను.

"మిషన్లో పడ్డయ్యన్నాడు. ఏం మిషనో చెప్పలేదు" అంది.

ఆ రాత్రి మా ఆయన సుధీర్ బాబు డ్యూటీ దిగి వచ్చాక సంగతి చెప్పాను. ఆయన ఆర్టీసీ డ్రైవరు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ విషయంలో మాత్రం గొంతు తగ్గించాడు.

"వద్దులే జ్యోతీ. ఇప్పుడంటే జనం నోటిమాట. నిజంగానే పారిపోయుంటే? అప్పుడు కాగితం మీదికి ఎక్కుద్ది. దాన్ని ఎవుడు చెరపాలి?"

"మీ అమ్మకి డెబ్బై ఏడు."

"తెలుసు."

"ఆమె సగం అన్నం వదిలేసింది."

ఆయన చొక్కా విప్పి కొయ్యకి తగిలించి, "నరసరావుపేట కోర్టు ఎదురుగా జాన్ సాహెబ్ అని ఒకాయన జిరాక్సు షాపు పెట్టుకున్నాడు. రిటైర్డు హవల్దారు. మిలిటరీ కాగితాల పనులన్నీ ఆయనకి తెలుసంట" అన్నాడు.

నేను బ్లౌజులు కుట్టుకునేదాన్ని. టెన్త్ దాకా చదివాను. ఆఫీసు కాగితాలంటే రేషను కార్డు, ఆధారు తప్ప తెలియవు. జాన్ సాహెబ్ నా మాట అంతా విని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి అడిగాడు.

"నంబరు?"

"ఏం నంబరన్నా?"

"ఫౌజులో నంబరు లేకుండా మనిషి లేడు చెల్లెమ్మా. పేరు మర్చిపోతారుగానీ నంబరు మర్చిపోరు. నంబరు ఉంటే రికార్డ్స్ ఆఫీసుకి రాద్దాం. డిశ్చార్జి బుక్కు లేదా ఇంట్లో?"

ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉండేదని మా ఆయనకి గుర్తు. చెదలు తినేశాయి. మామయ్య తెచ్చుకున్న ఇనప ట్రంకు పెట్టె మాత్రం ఉంది. సిపాయిల పెట్టెల మీద నంబరు తెల్లరంగుతో రాసి ఉంటుందని జాన్ సాహెబ్ చెబితే పరుగున ఇంటికొచ్చాను. పెట్టె నిండా ఆకుపచ్చ రంగు. మా పెళ్ళప్పుడు ఇంటికి సున్నం వేస్తూ పెట్టెక్కూడా పెయింటు కొట్టింది మా ఆయనే.

"పాత పెట్టె అని నువ్వు అనుకోకూడదని కొట్టానే" అన్నాడు తప్పు చేసినవాడిలా.

కిరసనాయిలు పోసి, గోనెపట్టాతో రెండు రోజులు రుద్దాను. ఆకుపచ్చ పోయింది, దానితోపాటే తెలుపు కూడా పోయింది. ఒకటి, మూడు అని రెండంకెలు కనిపించీ కనిపించనట్టు మిగిలాయి. చర్చి రిజిస్టరు తీయించాను. పెళ్ళి పేజీలో 'వరుని వృత్తి: సిపాయి' అని ఉంది, అంతే. బడి రిజిస్టర్లో పుట్టినతేదీ దొరికింది. నంబరు లేకుండానే జాన్ సాహెబ్ ఒక అర్జీ రాసి పంపాడు. ఆ పేరుతో చాలామంది ఉన్నారు, నంబరు తెలపండి అని జవాబు వచ్చింది. రెండు నెలలు ఇలా గడిచాయి.

మార్చి చివర్లో మిరపకాయలు ఇంటికి వచ్చాయి. వాకిట్లో గుట్టపోసి అత్తయ్యా నేనూ తొడిమలు తీస్తున్నాం. ఘాటుకి తుమ్ముతూ, విసుగ్గా అన్నాను.

"ఇంక నావల్ల కాదు అత్తయ్యా. ఆ నంబరు దేవుడికే తెలియాలి."

అత్తయ్య ఒడిలో కాయలు సర్దుకుంటూ, తల ఎత్తకుండానే, చర్చిలో ప్రార్థన చెప్పినట్టు ఒకే ఊపిరిలో చెప్పింది.

"వన్ త్రీ ఫోర్ ఎయిట్ టూ వన్ సెవెన్, సాపర్ ఆరోగ్యస్వామి, కేరాఫ్ ఫిఫ్టీ సిక్స్ ఏపీవో."

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆమెకి అక్షరం రాదు. బస్సు బోర్డు చదవలేదు.

"మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పింది. ఒక్క అంకె తడబడలేదు.

"ఉత్తరం రాయించుకోను పోస్టుమాస్టరు కాడికి పొయ్యేదాన్నిగా. కవరు మీద ఆయన పైకి చదువుతా రాసేవోడు. ఆరేళ్ళు విన్నా. రాకేం చేస్తది?"

"రెండు నెలలుగా నేను ఆ పెట్టె రుద్దుతుంటే చూస్తూ కూర్చున్నారా?"

"నన్ను ఎవురన్నా అడిగారా?"

నిజమే. కోర్టు దగ్గర అడిగాను, చర్చిలో అడిగాను, బడిలో అడిగాను. చదువు రాని మనిషికి నంబరు ఏం తెలుస్తుందనుకున్నాను. నాకు సిగ్గేసింది.

ఆమే మళ్ళీ అంది. "అడిగినా చెప్పేదాన్ని కాదేమోలే. ఆ కాగితంలో ఏముందోనని నాకు భయం."

ఆ పూట మిరపకాయల ముందు కూర్చుని ఆమె చెప్పింది నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. పెళ్ళయిన రెండేళ్ళకి తొలికాన్పులో పిల్ల పుట్టి పోయింది. అత్తగారు, అంటే మా మామయ్య తల్లి, పిల్లని మింగిందని సాధించేది. మొగుడు రావాలి. పెళ్ళానికి బాగాలేదంటే సెలవు ఇవ్వరు, తల్లి పోయిందంటే వెంటనే ఇస్తారని అప్పట్లో మిలిటరీ వాళ్ళ ఇళ్ళల్లో అందరికీ తెలిసిన కిటుకు. వినుకొండ పోయి, పోస్టుమాస్టరుతో టెలిగ్రాం కొట్టించింది. తల్లి చనిపోయింది, వెంటనే రా అని.

"వచ్చాడు. గుండు గీయించుకునొచ్చాడే! వచ్చేసరికి ఆమె మంచం మీద కూర్చుని నన్ను తిడతంది." అత్తయ్య నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మిరపచెయ్యి తగిలి కళ్ళు మండి మళ్ళీ తిట్టుకుంది. "ఒక్క మాట అన్లా నన్ను. గుండు తడుముకుని నవ్వాడు. నెల్రోజుల సెలవు. అయిపోయింది. నేనే పోనియ్యలా. ఏడ్చా. రేపు పో, ఎల్లుండి పో అన్నా. కోతలైనాక పో అన్నా. చివరికి పోలీసులొచ్చారు. బేడీలేసి బస్సు ఎక్కిచ్చారు. ఊరంతా చూసింది."

"తర్వాత?"

"తర్వాత రెండేళ్ళకి వేళ్ళు లేకుండా కనపడ్డాడు. ఆడ ఏం జరిగిందో నేను అడగలా, ఆయన చెప్పలా. అడిగితే నా టెలిగ్రాం సంగతి వచ్చుద్దిగా. నా పెళ్ళాం అబద్ధం ఆడింది సార్ అని ఆడ రాపిచ్చి ఉంటాడు. రాపిచ్చినా తప్పులేదు, నిజమే గదా."

"మరి ఇప్పుడెందుకు చెప్పారు నంబరు?"

"నేను పోతే అది గూడా పోద్దిగా" అని ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళోకి లాక్కుంది.

నంబరు చెప్పగానే జాన్ సాహెబ్ కుర్చీలోంచి లేచాడు. "ఇది ఇంజనీర్ల నంబరు చెల్లెమ్మా, సాపరంటే ఆ పటాలంలో సిపాయి. ఏపీవో అంటే మిలిటరీ పోస్టాఫీసు. బెంగుళూరు రికార్డ్స్‌కి రాద్దాం" అన్నాడు. భార్య తరఫున అర్జీ, నోటరీ అఫిడవిట్టు, మరణ ధ్రువపత్రం, ఆధారు. అత్తయ్య ఐదు చోట్ల వేలిముద్ర వేసింది. ఏప్రిల్లో పంపితే జులై చివర్లో రిజిస్టరు పోస్టులో లావుపాటి కవరు వచ్చింది.

నేను కత్తెర తీసుకున్నాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడొద్దు. పంచాయతీ ఆఫీసులో అందరి ముందు చింపమను."

"అత్తయ్యా, ముందు మనం చూద్దాం. ఏముందో ఏమో!"

మా ఆయన కూడా బతిమాలాడు. "అమ్మా, జాన్ సాహెబ్ చేత చదివిద్దాం. బాగుంటే తీసకపోదాం."

"బాగుంటేనే తీసకపొయ్యే పనైతే ఇంక దానికి విలువేందిరా? నరసింహం రికార్డు తెమ్మన్నాడు. ఇది రికార్డు. ఏముంటే అది."

డెబ్బై ఏడేళ్ళ ఆ మనిషిని నేను అప్పుడే మొదటిసారి చూసినట్టనిపించింది. అన్నేళ్ళూ ఉప్పు ఎక్కువైందనీ, పొయ్యి దగ్గర నీళ్ళు ఒలికించాననీ నాతో గొడవపడిన మనిషే.

ఆదివారం పూజ అయ్యాక పంచాయతీ ఆఫీసులో చేరాం. నరసింహారావు, ఆయనతో నలుగురైదుగురు పెద్దలు, గోడవార బెంచీ మీద యల్లమంద. యల్లమందకి ఎనభై దాటాయి. మా మామయ్య ఈడువాడు, పోలీసులు వచ్చిన రోజు చూసినవాళ్ళలో అత్తయ్య కాక ఇంకా బతికి ఉన్నది ఆయనొక్కడే. జాన్ సాహెబ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, నరసరావుపేటనుంచి బండి మీద వచ్చాడు. కవరు ఆయనే చింపాడు. ఇంగ్లీషు చూసుకుంటూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు.

"పందొమ్మిదొందల అరవై ఐదు, జూను. భర్తీ. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. గుర్తు, కుడి మోకాలి మీద మచ్చ. అరవై ఎనిమిది, పెళ్ళి. భార్య పేరు గ్రేసమ్మ." ఒక పేజీ తిప్పి ఆగాడు. అత్తయ్య వైపు చూశాడు.

"చదువు నాయనా" అంది.

"డెబ్బై, మే. మంజూరైన సెలవు దాటి నలభై ఏడు రోజులు గైరుహాజరు. పోలీసుల ద్వారా యూనిట్‌కి చేర్చారు. ఇరవై ఎనిమిది రోజులు కఠిన శిక్ష."

యల్లమంద బెంచీ మీద కదిలాడు. "నేను చెప్పలా? కళ్ళారా చూశా. బేడీలు."

నరసింహారావు ఇబ్బందిగా అత్తయ్య వైపు చూసి, గొంతు తగ్గించి, "ఆ పేజీ వదిలెయ్ సాహెబ్ గారూ. ముందుకి పోండి. మంచిదేదన్నా ఉంటే ఆ ముక్క చాలు మాకు" అన్నాడు.

"వదలొద్దు" అంది అత్తయ్య. "ఇంకేం రాసుంది ఆడ? ఎందుకు పోలేదని అడిగారా ఆయన్ని?"

జాన్ సాహెబ్ వేలు పెట్టి చూశాడు. "అడిగారమ్మా. ముద్దాయి జవాబు అని ఉంది. 'తప్పు నాదే. చెప్పుకునేది ఏమీ లేదు.' అంతే."

"నా పేరు లేదా?"

"మీ పేరు ఇందాక చదివానుగా, భార్య అన్నచోట. ఇక్కడ లేదు."

"టెలిగ్రాం అని?"

"ఏమీ లేదమ్మా."

అత్తయ్య చీరకొంగు వేళ్ళకి చుట్టుకుంటూ ఉండిపోయింది. జాన్ సాహెబ్ మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "ఒక్కటి చెప్తా వినండి. నేను ఇరవై నాలుగేళ్ళు ఇదే గుమాస్తా పని చేశా. పారిపోవడం వేరు, సెలవు దాటడం వేరు. పారిపోయినోడికి వేరే మాట రాస్తారు. ఆ మాట ఇందులో ఎక్కడా లేదు. శిక్ష అయిపోయిన మర్నాడే డ్యూటీ. చూడండి, తేదీ."

ఎవరూ చూడలేదు. ఆయన చదువుకుంటూ పోయాడు. డెబ్బై ఒకటి డిసెంబరు దగ్గరికి వచ్చేసరికి ఆయన చదవడం నెమ్మదించింది. ఒక చిన్న టైపు కాగితం విడిగా జతచేసి ఉంది. దాన్ని రెండుసార్లు లోపల చదువుకున్నాడు.

"పశ్చిమ సరిహద్దు. మందుపాతరల మధ్య ట్యాంకులకి దారి తీసే పార్టీలో ఉన్నాడు. రాత్రి. ఎడమచేతికి గాయం, రెండు వేళ్ళు పోయినయ్. కట్టు కట్టించుకుని, చెప్పకుండానే మళ్ళీ లైన్లోకి వచ్చాడు. తెల్లారేదాకా పని ఆపలేదు. కమాండింగ్ ఆఫీసరు ప్రశంస. గాయానికి పతకం."

"దారి తియ్యడమంటే ఏం మిషను నాయనా?" అని అడిగింది అత్తయ్య.

"మిషను కాదమ్మా."

ఎలా చెప్పాలో ఆయనకి తోచలేదు. ఇస్త్రీ చొక్కాతోనే పంచాయతీ ఆఫీసు గచ్చు మీద బోర్లా పడుకున్నాడు. టేబులు మీది స్కేలు తీసుకుని, ఏటవాలుగా పట్టుకుని, నేలని బెత్తెడు బెత్తెడు దూరంలో పొడిచి చూపించాడు. "ఇట్టా. చేత్తోనే. ఇక్కడ పొడవాలి, గట్టిగా తగిలితే ఆగాలి, చుట్టూ మట్టి వేళ్ళతో తియ్యాలి. మళ్ళీ ఇక్కడ. పైన గుండ్లు పడతంటయ్. లేవకూడదు. వెనకాల తెల్లపట్టీ పరుచుకుంటా వస్తారు, ట్యాంకులు దానెంబడే పోవాలి. ఒక్క బెత్తెడు వదిలేస్తే వెనకొచ్చేవాళ్ళు పోతారు." గోడదాకా పాకి ఆగాడు. మోచేతులకి దుమ్ము. "ఇట్టా కొన్ని వందల గజాలు. రెండు వేళ్ళు పోయిన చేత్తో."

మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఆయన దగ్గరికి పోలేదు, అలా ఉండనిచ్చాను.

జాన్ సాహెబ్ లేచి దులుపుకుని చివరి పేజీ చదివాడు. "డెబ్బై నాలుగు. సొంత కోరిక మీద డిశ్చార్జి. కారణం, ఇంటి దగ్గర భార్యని చూసుకునేవాళ్ళు లేరు. నడవడిక, చాలా మంచిది."

నరసింహారావు నిట్టూర్చి, "ఇంకేం కావాలి పిన్నమ్మా. బాబాయి పేరు చెక్కిస్తా. ఆ శిక్ష సంగతి ఈ గది దాటదు. మేం ఎవురం బయట అనం" అన్నాడు.

"ఎందుకు అనరు? అనండి." అత్తయ్య కుర్చీ పట్టుకుని లేచింది. "అది ఆయన తప్పు కాదు. అత్త బతికుండగా చచ్చిపోయిందని టెలిగ్రాం కొట్టిచ్చింది నేను. సెలవైపోయినాక పోనీకుండా కాళ్ళకి అడ్డం పడింది నేను. యాభై ఐదేళ్ళు ఆయన్ని పారిపోయినోడన్నారు. ఆయన ఇన్నాడు. నేనూ ఇన్నా. చర్చిలో ఇన్నా, చేలో ఇన్నా. నోరు తెరవలేదు. ఒకసారి కోపంలో నేను గూడా అన్నా ఆ మాట. ఆయన పలుగు తీసుకుని చేలోకి పోయాడు. ఆడ జడ్జీ ముందర గూడా నా పేరు చెప్పలేదంట, ఇప్పుడే తెలిసింది నాకు." నరసింహారావు వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు నరసింహా. ఇది గూడా ఇన్నాక, రాస్తావా రాయవా?"

"రాస్తా పిన్నమ్మా" అన్నాడు నరసింహారావు. వెంటనే జేబులోంచి జాబితా తీసి టేబులు మీద పరిచాడు. భర్తీ అయిన ఏడాది ప్రకారం వరస. వేలితో పైనుంచి కిందికి జరిపి, మళ్ళీ పైకి వచ్చి ఆగాడు. "అరవై ఐదా సాహెబ్ గారూ? జూనా?"

"జూను."

"మా పెదనాన్న అరవై ఐదు నవంబరు." ఆయన మొహం చూసి అందరికీ నవ్వొచ్చింది. "అంటే మొదటి పేరు బాబాయిదా? మా ఇంట్లో ఇయ్యాల నాకు కూడు పుట్టదు పిన్నమ్మా."

"ముందు పోయినోడు ముందుంటాడు. మీ ఇంటోళ్ళకి నేనొచ్చి చెప్పనా?" అంది అత్తయ్య.

"వద్దు తల్లీ, నేనే చెప్పుకుంటా" అని ఆయన మాచర్లకి ఫోను కలిపాడు. పలక మీద పని ఆపమని, పేర్లు పన్నెండని, వరస మారిందని గట్టిగా చెబుతున్నాడు.

మేం గుమ్మం వైపు నడిచాం. యల్లమంద తలొంచుకుని కూర్చున్నాడు. అత్తయ్య ఆయన ముందు ఆగింది.

"బస్సుకాడ నువ్వొక్కడివే గదా అన్నా ఆయనకి బీడీ వెలిగిచ్చి నోట్లో పెట్టింది? చేతులకి బేడీలని."

యల్లమంద తల ఎత్తాడు. "నీకు ఎట్టా తెలుసు?"

"ఉత్తరంలో రాశాడు. పోస్టుమాస్టరు చదివిచ్చాడు" అంది. "పండక్కి చర్చి కాడికి రా. అన్నం తినిపోదువు."

చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. నేను కవరు గుండెలకి ఆనించుకుని వెనకే నడిచాను. పది అడుగులు వేశాక వెనక్కి తిరిగి, "కాగితాలు మడతపడతయ్ ఏమే, సరిగ్గా పట్టుకో" అని కసిరింది.